ఎర్ర సిరా పైకెక్కితే

అక్టోబరు 4

పడవ సామాన్ల షాపుకి వెళ్లాను. తుఫానుని ముందే పసిగట్టే బారోమీటర్ అద్దాల బీరువాలో ఉంది. ఇత్తడిది, గుండ్రంగా, అందంగా ఉంది. పక్కనున్న అట్టముక్క మీద ధర చూసి, ఎవరినీ ఏమీ అడగకుండానే బయటికొచ్చేశాను.

అన్న నడిపే చేపల పడవలో వైర్‌లెస్ పాడై చాలాకాలమైంది. ఓనరు బాగు చేయించడు. తీరం దాటితే ఫోన్ పనిచేయదు. నాన్న సముద్రంలో పోయిన రోజు పొద్దున ఆకాశం ఉతికి ఆరేసినట్టుంది. అన్న ఇప్పుడు అదే ఆకాశాన్ని నమ్ముకుని వెళ్తున్నాడు.

నాకు భయంగా ఉంది. ఇంకోలా రాయడం రావట్లేదు.

అక్టోబరు 7

కాన్వెంట్‌లో మాకు ఫిజిక్స్ చెప్పిన సిస్టర్ దగ్గరికి వెళ్లాను. చిన్న బొమ్మ గీసిచ్చింది. సీసాలో గాలిని బంధించాలి. బిరడాలోంచి సన్నటి ట్యూబు తీసి, U ఆకారంలో వంచి, అందులో రంగునీళ్లు పోయాలి. బయట ప్రెషర్ తగ్గితే లోపలి గాలి ఆ నీళ్లను తోస్తుంది. తెరిచి ఉన్న వైపు నీళ్లు పైకెక్కుతాయి.

జామ్ సీసాలు, సెలైన్ ట్యూబు, రబ్బరు బిరడాలు, కొవ్వొత్తి మైనం. నీళ్లలో నా ఎర్ర సిరా. రెండు చేశాను. ఒకటి పడవకి, ఒకటి నా పుస్తకాల అరలోకి. అన్న అక్కడ చూసేదే నేనిక్కడ చూస్తుంటాను.

అన్నకి ఒక్కటే చెప్పాను. ఎర్ర సిరా పైకెక్కితే ఇంటికొచ్చెయ్. సరే టీచరమ్మా అన్నాడు.

అక్టోబరు 12

అన్న మధ్యాహ్నానికే వెనక్కొచ్చాడు, ఖాళీ పడవతో. సిరా జానెడు ఎక్కిందట. ఇక్కడ నా సీసాలో గోరంత కూడా కదల్లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

జెట్టీలో అందరూ నవ్వారట. ఓనరు నవ్వలేదు. ఇంకోసారి ఇలా ఖాళీగా తిరిగొస్తే పడవ వేరేవాడికి అప్పగిస్తానన్నాడట.

అన్న నన్ను తిట్టకుండా అన్నం తిని పడుకున్నాడు. అదే భరించలేకపోతున్నాను.

అక్టోబరు 13

తప్పెక్కడో తెలిసింది. సీసాని ఇంజిన్ గది గోడకి కట్టారు. ఆ వేడికి లోపలి గాలి ఉబ్బింది. వేడికి గాలి వ్యాకోచిస్తుందని నోట్సులో స్కేలు పెట్టి మరీ అండర్‌లైన్ చేసుకున్నదాన్ని.

సాయంత్రం ఆయిల్ బాబాయ్ వచ్చాడు. అన్న పడవలో ఇంజిన్ డ్రైవర్. చుట్టం కాదు. దగ్గరికొస్తే ఆయిల్ వాసన, అందుకని మేం పెట్టుకున్న పేరు. ఏమైందమ్మా నీ మెషీన్‌కి అని అడిగాడు. నేను నేల చూపులు చూస్తూ, సీసాని నమ్మొద్దు బాబాయ్, వేడికి అబద్ధం చెబుతుంది అన్నాను. ఫ్లాస్కు అయితే చెప్పదు అని కూడా అనేశాను. అప్పుడే తట్టింది.

ఆయన సంచిలోంచి తన టీ ఫ్లాస్కు తీసి గట్టు మీద పెట్టాడు. పిన్నికి చెప్పొద్దన్నాడు. ఆవిడ కొనిచ్చిందట. మూత మాత్రం జేబులో వేసుకున్నాడు. టీ ఎవరిదైనా తాగొచ్చు గాని కప్పు మాత్రం సొంతది ఉండాలట.

అక్టోబరు 15

ఫ్లాస్కుకి బిరడా, ట్యూబు బిగించి, పొయ్యి పక్కన పెట్టి కాపలా కాశాను. సిరా కదల్లేదు.

జెట్టీలో అన్నకి కొత్త పేరొచ్చింది. ఏరా ఫ్లాస్కూ, టీ ఎప్పుడు పోస్తావురా అంటున్నారట.

అక్టోబరు 20

అన్న వెళ్లాడు. ఫ్లాస్కుకి పాత దుప్పటి చుట్టి, ఇంజిన్‌కి దూరంగా పడవ ముందు భాగంలో కట్టుకున్నాడు. ఆయిల్ బాబాయ్ లేడు. ఓనరుకున్న రెండో పడవ డ్రైవర్‌కి జ్వరమని ఆయన్ని అందులోకి మార్చారు. అది రేపు పొద్దున కదులుతుంది.

అక్టోబరు 20, సాయంత్రం

నా సీసాలో సిరా వేలెడు ఎక్కింది. గదిలో వేడి లేదు. కిటికీ తెరిచే ఉంది.

అక్టోబరు 21, తెల్లవారింది

జానెడు. ఫోన్‌లో వాతావరణం చూశాను. నవ్వుతున్న సూర్యుడి బొమ్మ.

అన్నా, నీకూ ఇదే కనిపిస్తుంటుంది. వచ్చెయ్. ఓనరు మాట గుర్తు తెచ్చుకోకు. వచ్చెయ్.

రెండో పడవ ఇంకా జెట్టీలోనే ఉంటుంది. వెళ్తున్నాను.

అక్టోబరు 21, పది గంటలు

అంతమంది మగాళ్ల ముందు ఎప్పుడూ నోరు విప్పలేదు. ఇవాళ విప్పాను. మాట్లాడానో ఏడ్చానో తెలీదు. ఇవి పడవలు, మీ స్కూలు ప్రాక్టికల్స్ కావు అన్నాడు ఓనరు. వెనకాల ఎవరో ఫ్లాస్కులోంచి రెండు టీలు చెప్పారు. అందరూ నవ్వారు.

ఆయిల్ బాబాయ్ మాత్రం ఇంజిన్ వదిలి గట్టు మీదికి దిగాడు.

"ఏది చెప్పింది తల్లీ? ఫ్లాస్కా, సీసానా?"

"సీసా."

"సీసాని నమ్మొద్దని నువ్వేగా చెప్పావ్."

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. జవాబు కోసం ఆగాడు కూడా. నా గది చల్లగా ఉంటుంది బాబాయ్, అక్కడ ఇంజిన్ లేదు, ఆ సీసాకి అబద్ధం చెప్పాల్సిన పని లేదు అనాలి. అంతే అనాలి. ఓనరు కేకేశాడు. బాబాయ్ నా తల మీద చెయ్యి పెట్టి, పడవెక్కేశాడు.

జుట్టుకి ఇంకా ఆయిల్ వాసన. ఆ వాక్యం ఇప్పుడు ఎంత బాగా వస్తోందో.

అక్టోబరు 21, సాయంత్రం

గాలి మొదలైంది. రేకులు లేచిపోతున్నాయి. సిరా ట్యూబు కొస దాటి పుస్తకాల మీదికి కారింది. ఆ సీసా పగలగొట్టెయ్యమంది అమ్మ. పగలగొడితే గాలి ఆగదమ్మా అన్నాను. దానికి వీపు తిప్పి కూర్చుంది.

అక్టోబరు 22

అన్న వచ్చాడు.

అక్టోబరు 23

నిన్న చెయ్యి ఆడలేదు. అన్న చెప్పింది రాస్తాను.

సిరా ఎక్కగానే వెనక్కి తిరగలేదట. ఓనరు గుర్తొచ్చాడట. బిరడా ఒకసారి పీకి మళ్లీ పెట్టాడు. రెండు వైపులా సిరా సమానమైంది. మనసు కుదుటపడి వల వేశాడు. వల తీసేలోపే మళ్లీ ఎక్కింది.

"నేను దించాక కూడా ఎక్కిందే. అప్పుడేసింది భయం."

వల కోసేసి వచ్చేశాడు. ఓనరు వల సంగతి అడగను కూడా లేదు. జెట్టీ చివర నిలబడి రెండో పడవ కోసం చూస్తున్నాడు.

అక్టోబరు 24

రాలేదు.

అక్టోబరు 26

పిన్ని వచ్చింది. ఫ్లాస్కు మా దగ్గరుందని ఆమెకి మొదటి రోజే తెలుసట. ఇచ్చెయ్యమంది. ట్యూబు పీకి, మైనం గీకి, కడిగాను. అలల కుదుపుకి సిరా లోపలికి పోయినట్టుంది. ఎన్నిసార్లు కడిగినా నీళ్లు కాస్త గులాబీ రంగులోనే వస్తున్నాయి.

మూత లేదు పిన్నీ అన్నాను. మూత ఆయన దగ్గరుందిలే అంది.

అమ్మ చేత దాన్నిండా టీ పోయించుకుని జెట్టీకి వెళ్లింది.