రెండు సీట్ల స్టూడియో

ఆగస్టు 19, మంగళవారం
స్టూడియో నుంచి

మా ఎడిటింగ్ కత్తెరకి,

వదిన ఆశీస్సులు. నువ్వు క్షేమంగా ఉన్నావని, కొత్త ఉద్యోగంలో కుదురుకున్నావని అత్తయ్యగారు చెబుతూనే ఉన్నారు. నేను క్షేమమని రాస్తే నువ్వెలాగూ నమ్మవు కాబట్టి రాయడం లేదు. మీ అన్నయ్య మాత్రం బాగున్నారు. నా సణుగుడు వినీ వినీ ఈమధ్య భోజనం కూడా రేడియో పక్కన కూర్చునే చేస్తున్నారు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నువ్వు మౌనంగా ఉంటావు, నేను అరుస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇంకో మాట, నీకు తెలిసినదే మళ్ళీ మొదట్నుంచి చెబుతాను, భరించు. మూడు నెలలుగా మన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సహాయ కేంద్రంలో ఏ రోజుకా రోజు కొత్త మనిషికి కథంతా చెప్పీ చెప్పీ అదే అలవాటైపోయింది.

బధిర పిల్లల బడి కోసం మనం ఏడాది పాటు చేసిన పద్నాలుగు పాఠాలు. సైగల టీచరు చేతులు మధ్యలో, బొమ్మ పక్కన, కింద అక్షరాలు. సైగ ముగిసిన క్షణానికే కింద ఆ మాట పడాలని నువ్వు ఒక్కో మాటనీ వెనక్కి ముందుకి జరుపుతూ కూర్చునేదానివి. మే నెలలో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కి మారింది. మర్నాడు పొద్దున్నే నువ్వు పాఠాలు తెరిచేసరికి మాటలన్నీ ఒక మూలన కుప్పగా పడున్నాయి. పాత అక్షరాల పరికరాన్ని కొత్త వెర్షన్‌లో తీసేశారట. ఒకసారి మారిన ఫైలుని మనంతట మనం వెనక్కి తేలేమట. ఆ అప్‌డేట్ బటన్ ఎవరు నొక్కితేనేం, ఏడాది పని నాశనం చేశావని నేను అంత మాట అనకుండా ఉండాల్సింది. నువ్వు హెడ్‌ఫోన్స్ మడిచి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయావు.

కంపెనీ వెంట పడ్డాను. మొదటి ఐదు రోజులు జవాబిచ్చింది యంత్రం. నేను ఏం రాసినా కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసి చూడమంది. ఆరో రోజు ఒక మనిషి దొరికాడు. మీ సంస్థలో ఎన్ని సీట్లున్నాయని అడిగాడు. రెండు కుర్చీలు, ఒక స్టూలు అని చెప్పాను. నవ్వకు. సీటు అంటే ఒక మనిషి వాడుకునే లైసెన్సట. పాత వెర్షన్ మళ్ళీ ఇచ్చి ఫైళ్ళు వెనక్కి మార్చాలంటే కనీసం ఇరవై సీట్లుండాలట. పన్నెండేళ్ళుగా మీ సాఫ్ట్‌వేరే వాడుతున్నామయ్యా అంటే, మీ విధేయతకు ధన్యవాదాలన్నాడు.

మొదట్లో ఎలా ఉండేవాళ్ళో నీకు గుర్తుందా? మన అక్షరాల కింద వత్తులు ఊడిపోతున్నాయని ఒక ఉత్తరం రాస్తే, ఆ ప్రోగ్రాం రాసినాయనే స్వయంగా జవాబిచ్చాడు. రెండు వారాల్లో సరిచేసి, సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పమని మనల్నే అడిగాడు. అప్పుడు వాళ్ళూ మనలాగే చిన్న గదిలో ఉండేవాళ్ళు కాబోలు.

జూలైలో వాళ్ళ కొత్త వెర్షన్ ప్రదర్శన ఒక పెద్ద హోటల్లో జరిగితే వెళ్ళాను. వేదిక మీద వాళ్ళ ప్రతినిధి, చిన్న స్టూడియోలే మా ప్రాణం అన్నాడు. హాలంతా చప్పట్లు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. తర్వాత కాఫీ దగ్గర అతన్ని పట్టుకుని మన గోడు చెప్పుకున్నాను. పాపం, శ్రద్ధగానే విన్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“నిజం చెప్పమంటారా మేడమ్? ఒక పక్క పెద్ద కంపెనీలు, ఇంకో పక్క ఫోన్లో వీడియోలు చేసుకునేవాళ్ళు. మధ్యలో ఉన్న మీ గురించి ఆలోచించడానికి మా ఆఫీసులో ఒక్క టేబుల్ కూడా లేదు.”

అతని మీద కోపం కూడా రాలేదు. అన్ని రోజుల్లో నాకు దొరికిన సూటి సమాధానం అదొక్కటే. బస్సు కోసం కూడా ఆగకుండా ఇంటిదాకా నడిచి వచ్చేశాను.

అంతకుముందే, జూన్‌లో బడి తెరిచేశారు. టీచరు వచ్చి ఆ అక్షరాల కుప్ప చూసింది. ఆమెకీ వినపడదు కదా, నా నోట్‌బుక్ లాక్కుని రాసింది: “మళ్ళీ చేద్దాం. నా చేతులు ఎక్కడికీ పోలేదు.”

అప్పట్నుంచి ఊరికే దొరికే వేరే సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని చేస్తున్నాం. ఆమె నా పక్కనే కూర్చుని మాట పడాల్సిన చోట టేబుల్ మీద వేలితో కొడుతుంది. నేను అక్కడ పెడతాను. నువ్వు రెండు రోజుల్లో అక్షరాలు పేర్చే పాఠానికి నాకు వారం పడుతోంది. సైగ ఎక్కడ ముగుస్తుందో నీ కంటికి తెలిసినట్టు నాకు తెలియదు. తొమ్మిది అయ్యాయి, ఇంకా ఐదున్నాయి. మొన్న మొదటి పాఠం బళ్ళో వేస్తే ఒక పాప తెర దగ్గరికి వెళ్ళి టీచరు వేళ్ళతో పాటు తన వేళ్ళు కదిపిందట. నీకు చెప్పాలనిపించింది.

రమ్మని అడగడానికి రాసింది కాదిది. నీ ఉద్యోగం నీకుంది. వేళకి భోజనం చెయ్యి.

ఆశీస్సులతో,
మీ వదిన

తా.క.: కవరు అంటించి మళ్ళీ చించాను. ఆ బటన్ నొక్కింది నేనే. నువ్వు పన్ను పీకించుకోవడానికి వెళ్ళిన రోజు, ఆ అప్‌డేట్ పెట్టె మాటిమాటికీ టీచరు చేతుల మీద అడ్డంగా వస్తుంటే విసుగొచ్చి నొక్కేశాను. మర్నాడు నీ మీద అరుస్తున్నప్పుడు కూడా ఆ సంగతి నాకు తెలుసు. “నేను కాదు వదినా” అని ఒక్కసారే అన్నావు. రెండోసారి అని ఉంటే ఒప్పుకునేదాన్నేమో, తెలియదు. కంపెనీకి రాసిన పదిహేడు ఫిర్యాదుల్లోనూ మా మరదలు పొరపాటున నొక్కిందనే రాశాను. నిన్న మీ అన్నయ్యకి చెప్పేశాను. అత్తయ్యగారికి వేరే ఉత్తరం రాశాను. కంపెనీకి కూడా నిజం రాసి పంపాను. మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం అని ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. నీ జవాబుకి ఎన్నాళ్ళైనా పట్టనీ.