డాబా ఎక్కొద్దని మావయ్యకు చెప్పు

పోర్టుబ్లెయిరు

అమ్మకు, నీ కూతురు రూతు వందనాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయాలి, ఇక ఆగలేను. నేను పాఠాలు చెప్పే ఈ బడిలో అక్క కూతురు మేరీకి, మనవాళ్ల పిల్లలందరికీ ప్రాణం మీదికి వచ్చే ముప్పు ఉంది. దాన్ని తప్పించే మాట నేను చెబితే ఎవరూ వినడం లేదు. నువ్వు చెబితే వింటారు. చదివి వినిపిస్తున్న పాస్టరుగారికి కూడా వందనాలు. అయ్యగారూ, అమ్మ ఏడిస్తే కాసేపు ఆగి మళ్లీ చదవండి. సగంలో మాత్రం ఆపకండి.

ముందే చెబుతున్నాను, మేరీ బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? తమ్ముడు గుడివాడ నుంచి ఆదివారాలైనా వస్తున్నాడా? ఇక్కడ వానలు వదలడం లేదు, ఉతికిన బట్టలు ఆరవు. రేషను బియ్యం లావు, ఎంత ఉడికినా మన అన్నంలా ఉండదు. చేపలకు మాత్రం లోటు లేదు. సాయంత్రం అయితే సముద్రం హోరు వినపడుతుంది. ఆ వైపు కిటికీ నేను తియ్యను. ఉప్పెనలో పోయిన అక్క గుర్తొస్తుంది.

అమ్మా, ఇక్కడ భూమి కదులుతుంది. మన దగ్గర గాలి వస్తుంది, ఉప్పెన వస్తుంది, నేల మాత్రం నిలకడగా ఉంటుంది. ఇక్కడ కాళ్ల కింద నేలే ఊగుతుంది. బిందెలో నీళ్లు వాటంతటవే తొణుకుతాయి. మా హెడ్మాస్టరుగారు చిన్నప్పుడు ఇక్కడే పెద్ద భూకంపం చూశారు. ఇటుక గోడలు మనుషుల మీద పడ్డాయట. అలాంటిది మళ్లీ వస్తుందని ఆయన భయం. అందుకని పిల్లలకు నేర్పిస్తున్నాం. గంట గణగణా కొడితే బల్లల కింద దూరి తల కాచుకోవాలి. ఊపు ఆగగానే వరసగా బయటికి వచ్చి, బడి వెనక కొండ మీద ఖాళీ స్థలానికి నడవాలి. తల్లిదండ్రులు బడిలోకి రాకుండా నేరుగా కొండ మీదికే వచ్చి పిల్లల్ని తీసుకోవాలి. నేల ఊగాక సముద్రం కూడా పైకి రావచ్చని కొండనే ఎంచుకున్నారు. బెంగాలీవాళ్లు, తమిళులు సరేనన్నారు. పుస్తకాల బీరువాలను గోడకు కట్టడానికి తాళ్లు కూడా వాళ్లే తెచ్చి ఇచ్చారు.

ఒప్పుకోనిది మనవాళ్లే. ఉప్పెన తర్వాత కోడూరు వైపు నుంచి ఇక్కడికి పనికి వచ్చిన కుటుంబాలన్నీ దానియేలు మావయ్య మాట మీదే నడుస్తాయి. ఉప్పెన రోజు రైసుమిల్లు డాబా మీదికి మనందరినీ ఎక్కించి బతికించిన మనిషి ఆయన. ఆయనకు ఆపద అంటే ఒకటే మందు, డాబా.

"ఏంటమ్మాయ్, బడికి డాబా పెట్టుకుని పిల్లల్ని బయటికి తోలతావా? నాలుగచ్చరాలు వచ్చేసరికి సముద్రం సంగతి నాకు చెప్పేదానివయ్యావా?" అన్నాడు.

"మావయ్యా, ఇది నీళ్లు కాదు, నేల. డాబాయే మీద పడుతుంది" అన్నాను.

"ఆ రోజు పడిందా? చెప్పు, పడిందా?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. "బందరులో టీచరు ట్రైనింగు ఇదేనటే? పిల్లల్ని కొండమీద మేకల్లా తోలడం?" అంది ఒకామె. ఆమె ఇద్దరు బిడ్డలు ఉప్పెనలో పోయారు. మిగిలిన ఒక్కడూ నా తరగతిలోనే ఉన్నాడు. ఆమెతో నేనేం వాదించను?

కిందటి నెలలో నిజంగానే కొంచెం ఊగింది. పిల్లలు బల్లల కింద దూరారు. మేం బయటికి తెచ్చేలోపే మనవాళ్లు పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చారు. దొరికిన పిల్లనల్లా చంకనేసుకుని మెట్ల మీదికి. పైనుంచి పెచ్చులు రాలుతున్నాయి. ఒక్క క్షణం నా కాళ్లు కూడా మెట్ల వైపే తిరిగాయమ్మా. ఆ తొక్కిడిలో మేరీ పడిపోయింది. చెయ్యి విరగలేదు, బెణికింది, కట్టు కట్టించాను. నువ్వు చిలకలపూడిలో కొనిచ్చిన కమ్మల్లో ఒకటి పోయింది. వీలైతే అలాంటిదే పంపు, రోజూ అడుగుతోంది.

మెట్ల పక్క గోడ ఇప్పుడు పై నుంచి కింద దాకా బీటలు వారి ఉంది. "చూశావా, ఊగినా నిలబడింది" అంటాడు మావయ్య. మళ్లీ గంటలు, కొండలు అంటే పిల్లల్ని బడి మాన్పిస్తామంటున్నారు. రాత్రి మేరీ నన్ను అడిగింది: "పిన్నీ, నేల ఊగితే నీతో రావాలా, దానియేలు తాతయ్యతో మెట్లెక్కాలా?" డాబా ఉన్న బడి అయితేనే మేరీని పంపుతానని నువ్వు పట్టుబట్టావు, గుర్తుందా? ఆ డాబా కిందే అది చనిపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియడం లేదు.

అందుకే నువ్వు మావయ్యకు ఉత్తరం రాయించాలి. నేనే రాసుకున్నానని అంటాడు కాబట్టి, మీ ఇద్దరికే తెలిసిన సంగతి అందులో ఉండాలి. ఉప్పెన రోజు ఆయన నిన్ను గుడిసెలోంచి లాగుతుంటే ఆయన చెయ్యి ఎందుకు కరిచావో రాయించు. ఆ మచ్చ ఇంకా ఉంది. ఎంతమంది అడిగినా ఎలా వచ్చిందో చెప్పడు. ఎన్నో గాలివానలకు నిలిచిన గుడిసె ఇది, నన్ను వదులు అని అరిచావని నువ్వే నాకు చెప్పావు. ఆ మాటే రాయించు. "అన్నయ్యా, ఆ రోజు నేను గుడిసెను నమ్ముకున్నట్టే ఇవాళ నువ్వు డాబాను నమ్ముకున్నావు. నిన్ను కరిచినా నువ్వు నా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు నా కూతురు లాగుతోంది, వెళ్లు. మన ఊళ్లో కొండ లేక డాబా ఎక్కాం, అక్కడ కొండ ఉంది" అని రాయించు.

పాస్టరమ్మగారికి, చర్చిలో పెద్దలందరికీ వందనాలు. మా ఇద్దరి కోసం, ఈ పిల్లల కోసం ప్రార్థన చెయ్యి. క్రిస్మస్ సెలవుల తర్వాత బడి తెరవగానే మళ్లీ గంట కొడతాం. ఆలోగా మావయ్య మనసు మారాలి. డిసెంబరు ఇరవయ్యో తారీకులోగా నీ జవాబు నాకు అందేలా రాయించమ్మా.

నీ దీవెన కోరే కూతురు,
రూతు