ముప్పై రెండు డిగ్రీలు

జూన్ 14, బుధవారం

మళ్లీ వేడి ఎక్కింది. పొద్దున ముప్పై రెండు డిగ్రీలు ఉందని చూసుకునే బయల్దేరాను. మధ్యాహ్నం టైర్ల కొట్టు నుంచి వచ్చి పాముల గది తలుపు తీస్తే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. ర్యాకులో పన్నెండు డబ్బాలు, సొరుగుల్లాగా ఒకదాని మీద ఒకటి. చిన్న పాములు నీళ్ల గిన్నెల్లో చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. గిన్నెలో పట్టని పెద్దవి డబ్బా ముందు గోడకి ముక్కులు నొక్కిపెట్టి ఉన్నాయి. వెనక అంత వేడిగా ఉంటే పాపం ఇంకేం చేస్తాయి. అడుగున చెయ్యి పెట్టి చూశాను. ఉంచలేకపోయాను.

ప్రతి అర మీద, డబ్బా వెనక సగం కింద, ఒక వేడి పట్టీ ఉంటుంది. పన్నెండు పట్టీలకీ కలిపి ఒకటే థర్మోస్టాట్. వేడిని కొలిచే దాని ప్రోబ్ కూడా ఒకటే, ఐదో డబ్బా కింద పట్టీకి అతికించి ఉంటుంది. అక్కడ చల్లబడితే మొత్తం ర్యాకుకి కరెంటు వదులుతుంది, ముప్పై రెండు రాగానే ఆపుతుంది. పదకొండేళ్లుగా ఒక్క తేడా లేదు. ఈ చలికాలం వచ్చాకే మొదలైంది.

మా ఆయన లౌరెన్స్‌కి చెప్పాను. మంచిదేగా, పాములు వాటంతటవే వేగితే వంట తప్పుతుంది అన్నాడు. ఈ మనిషి పవర్ స్టేషన్‌లో షిఫ్టులు చేస్తాడు. ఆ పొగ గొట్టాలు నా వంటింటి కిటికీలోంచి కనిపిస్తాయి. రోజూ పొగ వస్తుంది, రోజూ మా ఇంట్లో కరెంటు పోతుంది. ఈ ఎర్మెలో ఊళ్లో, జూన్ నెల చలిలో. ఆ మాట అంటే మాత్రం తనకి ఉక్రోషం.

జూన్ 15, గురువారం

అత్తగారు ఇవాళ కూడా వంటింట్లో చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. మార్చిలో మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. గ్యాస్ హీటరు పెడితే ఆ వాసనకి దగ్గు. ఎలక్ట్రిక్ దుప్పటి కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. పోనీలే అని మేలో వేడినీళ్ల రబ్బరు సంచి కొన్నాను, అందులోనూ మంచిది. ఒక్కరోజు వాడిన పాపాన పోలేదు. ఎందుకు వాడరు అంటే, నాకలాంటి సోకులు లేవమ్మాయ్ అంటారు. చర్చిలో అందరి ముందూ నన్ను రాక్షసిని చెయ్యడానికి కాకపోతే ఇదేంటి?

ఇన్వర్టరు పాముల ర్యాకుకి పెట్టానని కూడా కోపం. దేవుడు శపించిన పురుగులకి పరుపులు పరుస్తున్నావు అంటారు. ఆ ఇన్వర్టరు హీటరు మొయ్యలేదు, నాలుగు పట్టీలూ ఒక బల్బూ తప్ప దానికి శక్తి లేదు అని వందసార్లు చెప్పాను. నాలుగు కాదులే, పన్నెండు. అయినా పట్టీలు ఎంత తింటాయని.

జూన్ 19, సోమవారం

మళ్లీ. ఫానీకి ఫోన్ చేసి కడిగేశాను. థర్మోస్టాట్ అమ్మింది వాడే. వాడు ఏమాత్రం తొణక్కుండా, ఆంటీ, ప్రోబ్ ఉన్న డబ్బా ఎవరైనా బయటికి లాగి వదిలేస్తున్నారేమో చూశారా, డబ్బా పోతే పట్టీకి చల్లగాలి తగిలి ప్రోబ్ మోసపోతుంది అన్నాడు. నాకు పాఠం చెబుతున్నాడు. నువ్వు డైపర్లలో ఉన్నప్పటి నుంచి పాముల్ని పెంచుతున్నానురా అన్నాను. ఆ గదిలోకి నేను తప్ప ఎవరు వెళ్తారు? మొగుడికి భయం, అత్తగారికి అసహ్యం.

కొత్తది పంపిస్తానన్నాడు. పంపించక ఏం చేస్తాడు.

జూన్ 24, శనివారం

కొత్త థర్మోస్టాట్ పెట్టాను. రోజంతా ముప్పై రెండు. గంటకోసారి వెళ్లి చూశాను. ముప్పై రెండు.

జూన్ 25, ఆదివారం

ముప్పై రెండు. ఫానీకి మెసేజ్ పెట్టాను, ఇప్పుడేమంటావు అని.

జూన్ 27, మంగళవారం

కాప్టెన్ పొట్ట కాలింది.

నేను ఇంటికొచ్చేసరికి మిగతావన్నీ డబ్బాల ముందుకి చేరాయి, వాడొక్కడు వెనకే పడుకుని ఉన్నాడు. పాములకి ఇదో శాపం. పొట్ట కింద కాలుతున్నా ఒక్కోసారి వాటికి తెలియదు, వెచ్చగా ఉంది కదా అని అక్కడే ఉండిపోతాయి. ఎత్తి తిప్పి చూస్తే పొట్ట మీద జానెడు మేర పొలుసులు గోధుమరంగుకి తిరిగి ఊడొస్తున్నాయి. కొట్టుకి సెలవు పెట్టి సెకుండా ఊళ్లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు చూసి, ప్రోబ్ ఎక్కడ పెట్టారమ్మా అని చిన్నపిల్లని అడిగినట్టు అడిగాడు. తిరిగొచ్చేటప్పుడు దారిపొడవునా ఏడ్చాను. కాప్టెన్ నా మొదటి పాము. వాడి గుడ్డు పగిలి తల బయటికి పెట్టినప్పుడు నా అరచేతిలో పట్టుకున్నాను.

జూన్ 28, బుధవారం

ఫానీ థర్మోస్టాట్లు రెండూ చెడ్డవి కావడం జరగదు. అంత కోపంలోనూ ఆ మాత్రం లెక్క నాకు తెలుసు.

అంటే ఇంట్లో మనిషి. లౌరెన్స్‌కి ఈ వారం రాత్రి షిఫ్టు, పగలంతా ఇంట్లోనే ఉంటాడు. అడిగేశాను. బల్ల మీద చెంచా పడేసి, ఆ గది తలుపు పట్టుకోమంటే పట్టుకోనే, నన్నెందుకు లాగుతావు, నేను పిరికివాణ్ణని ఊరంతా టముకు వేసింది నువ్వే కదా అన్నాడు. అది నిజమే. అయినా నమ్మలేదు. షిఫ్టుకి వెళ్లేదాకా పక్కగదిలో పడుకున్నాడు.

ఒక్క సూసీకి మాత్రం ఏమీ కాలేదు. ప్రతిసారీ అంతే. అందరూ ఉడికిపోయినా ఐదో డబ్బాలో అది హాయిగా, చల్లగా ఉంటుంది. ఈ ఏడాది గుడ్లు పెట్టాల్సింది అదే. దాన్నైనా దేవుడు చూస్తున్నాడు అనుకున్నాను.

జూలై 1, శనివారం

కాప్టెన్ నీళ్లు తాగాడు.

జూలై 3, సోమవారం

భోజనం దగ్గర అత్తగారు తలెత్తకుండానే, ఆ కాలిన పాము ఎలా ఉంది అని అడిగారు. ఇన్ని నెలల్లో వాటి గురించి అడగడం అదే మొదటిసారి. ఎందుకూ, సంతోషించడానికా అన్నాను. సూపులో రొట్టె ముంచుకున్నారు. చెంచా పట్టుకోవడం ఈ మధ్య మానేశారు, గిన్నె ఎత్తి తాగేస్తున్నారు. మర్యాద కూడా పోయింది ఈవిడకి.

జూలై 4, మంగళవారం

కాప్టెన్ పోయాడు. పీచ్ చెట్టు కింద గొయ్యి తీశాను. నేల గడ్డకట్టి పార దిగలేదు. లౌరెన్స్ వచ్చి నా చేతిలోంచి పార తీసుకుని తవ్వాడు.

జూలై 6, గురువారం

పదకొండు గంటలకి కొట్టులో కరెంటు పోయింది. మూడు దాకా రాదు, ఇళ్లకి పొండి అన్నాడు యజమాని. వచ్చేశాను. పాముల గది తలుపు ఓరగా తీసి ఉంది.

అత్తగారు. నా స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఐదో డబ్బా ఒళ్లో ఉంది, మీద ఆవిడ శాలువా కప్పి ఉంది. డబ్బా లేని అరలోకి రెండు చేతులూ మోచేతుల దాకా దూర్చి, వేడి పట్టీ మీద అరచేతులు ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నారు. ఒళ్లో ఉన్న సూసీతో మాట్లాడుతున్నారు. కదలకే మొద్దుదానా, ఐదు నిమిషాలు, నీ కొంప నీకిచ్చేస్తాను, నేనేమైనా ఎత్తుకుపోతానా అంటున్నారు.

థర్మోస్టాట్ వైపు చూశాను. ఇరవై రెండు. కరెంటు పూర్తిగా వదిలినట్టు ఎర్రలైటు వెలుగుతోంది. మిగతా పదకొండు అరల్లో పట్టీలు కాలిపోతున్నాయి. ప్రోబ్ ఆవిడ చేతుల కింద ఉంది. ఇన్నాళ్లూ ఆ మెషీను ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆ చేతులు ఎంత చల్లగా ఉన్నాయో అదే చెప్పింది.

నేను అరిచాను. ఏమేం అన్నానో ఇప్పుడు రాయలేను. ముందు ప్లగ్ పీకాను, అది గుర్తుంది. దేవుడు శపించిన పురుగులన్నారు, చర్చిలో నన్ను రాక్షసిని చేశారు, నా వెనక దొంగలా వచ్చి నా పాముల్ని వేయించారు అన్నాను. లౌరెన్స్ నిద్రలోంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

ఆవిడ డబ్బా మీద శాలువా సర్ది, మెల్లగా అరలో పెట్టారు, సగమే దూరింది. నాకు వేడి కావాలమ్మాయ్ అన్నారు. కరెంటు పోయినప్పుడు ఈ ఇంట్లో వెచ్చగా ఉండేది ఇదొక్కటే. చేతుల్లేని వాటికి వేడి పెట్టావు, చేతులున్నదాన్ని నేను ఎక్కడికి పోను అన్నారు.

అడగొచ్చు కదా అన్నాను. నోరు లేదా మీకు అన్నాను.

నిన్నా అడగడం, అన్నారు.

తర్వాత ప్రోబ్ సంగతి చెప్పాను. చల్లటి చేతులు, ఎర్రలైటు, పై అరలో ఎనిమిదో డబ్బా, కాప్టెన్. ఎంతసేపు చెప్పానో. ఆవిడకి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక తన చేతులు తిప్పి చూసుకున్నారు. అయితే దాన్ని నేనే చంపానా అని అడిగారు.

అవును అన్నాను.

వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడూ తీసుకోను.

జూలై 7, శుక్రవారం

ఈవిడ నన్ను అడగలేదు. అది నాకు నిప్పులా మండుతోంది. ఒక్క మాట. ఎల్మరీ, నా చేతులు గడ్డకడుతున్నాయి అని. ఆ మాట నాతో అనడం కంటే పాముని ఒళ్లో పెట్టుకోవడమే నయమనిపించిందా? అంత చెడ్డదాన్నా నేను? లౌరెన్స్‌ని అడిగితే సాక్సు వేసుకుంటూ కూర్చున్నాడు.

రబ్బరు సంచి బీరువాలో దొరికింది, కొన్నప్పటి చీటీ కూడా తియ్యలేదు. ఆవిడ ముందు పెట్టి, ఇదెందుకు వాడరో ఇవాళ తేల్చండి అన్నాను. మూత మీద వేళ్లు పెట్టారు. మూత తిరగలేదు. వేళ్లు జారాయి. మళ్లీ పెట్టారు. నేను చూస్తూ నిలబడ్డాను, ఎందుకు ఆపలేదో నాకే తెలియదు. మూడోసారికి సంచిని నా వైపు తోసి, చెప్పానుగా నాకలాంటి సోకులు లేవని, అన్నారు.

చెంచా ఎందుకు మానేశారో అప్పుడు తెలిసింది. మార్చి నుంచి రోజూ ఎదురుగా కూర్చుని తింటున్నాను. పాము పొట్ట మీద ఒక్క పొలుసు రంగు మారితే కనిపెట్టేదాన్ని.

ఆవిడ మీదా కోపమే, నా మీదా కోపమే. ఇల్లంతా వెతికినా కోపం లేని మూల కనిపించడం లేదు.

జూలై 10, సోమవారం

జోబర్గ్ నగరంలోనే మంచు పడిందట.

ప్రోబ్‌ని పన్నెండో డబ్బా కిందికి మార్చాను, ఆవిడకి అందదు. కాప్టెన్ పోయాక ఖాళీగా ఉన్న ఎనిమిదో డబ్బా కడిగి, కిందికి దింపి, స్టూలు ఎత్తుకి సరిపోయే అరలో పెట్టాను. లోపల ఫ్లానెల్ గుడ్డ వేశాను. ఆవిడ చేతులు రెండూ పడతాయి. అడుగున ముప్పై రెండు.

ఆవిడ ముప్పై నాలుగు అడిగారు. కుదరదన్నాను.

క్షమించలేదు. ఆ మాట ఆవిడతో అన్నాను. తెలుసులే, ఆ తలుపు దగ్గరికి వెయ్యి, చలి వస్తోంది అన్నారు.