మస్తాన్ గారు మళ్లీ అడిగారు

ఫిబ్రవరి 3, మంగళవారం

ఆఫీసులో అన్నాల వేళ తేజ మళ్లీ ఆ వీడియో పెట్టాడు. ఎక్కడో విదేశంలో ప్రోగ్రామర్ల సభలో ఇచ్చిన ఉపన్యాసం. జాబితాకు మొదలూ చివరా విడివిడిగా పట్టుకునే ఇటరేటర్లు మేలా, రెండూ కలిపి పట్టుకునే రేంజ్‌లు మేలా? ఆ వక్త మాట్లాడే వేగానికి మాకు సగం అందడం లేదు. నెమ్మదిగా తిప్పుకుని, ఆపుకుంటూ, వాదించుకుంటూ రోజుకు కాస్త చూస్తున్నాం.

మస్తాన్ గారు ఆపమన్నారు. "ఇటరేటర్‌లో చివర అంటున్నాడే, అంటే ఆఖరి వస్తువా, దాని తర్వాత చోటా?"

"తర్వాత చోటు సార్," అన్నాడు తేజ. సార్ తనకి పరీక్ష పెడుతున్నారనుకున్నాడు.

నేనూ అలాగే అనుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు ఆ సంగతి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది ఆయనే.

పెరుగన్నంలోకి వచ్చేసరికి మళ్లీ ఆపమన్నారు. అదే ప్రశ్న. మాట కూడా మారలేదు. తేజ నవ్వాడు. నేను మాత్రం ఆయన మొహం వైపు చూశాను.

ఫిబ్రవరి 4, బుధవారం

ఆయనకు నిద్ర చాలక అయి ఉంటుంది. అంతే.

ఫిబ్రవరి 9, సోమవారం

ఈరోజు పెద్ద రగడ. కోల్డ్ స్టోరేజీల అలారం ప్రోగ్రామును రేంజ్‌లతో తిరగరాద్దామంటాడు తేజ. దాన్ని మొదట రాసింది మస్తాన్ గారు. మిర్చి నిలవుంచే గదుల్ని చల్లబరిచే అమ్మోనియా విషవాయువు లీకైతే సైరన్ మోగించేది అదే.

"నాకు మొదలెక్కడో చివరెక్కడో కళ్లకి కనపడాల్రా. రెండూ మూటగట్టి చేతిలో పెడితే లోపలేముందో నాకేం తెలుస్తది?"

"విడివిడిగా పట్టుకోబట్టే కదా సార్ తప్పులొచ్చేది. మొదలు ఒక జాబితాది, చివర ఇంకో జాబితాది ఇచ్చామనుకోండి, ఎక్కడాగాలో దానికి తెలీదు. ఎటో పోతది."

"అట్లా ఇచ్చేవాడు ప్రోగ్రామరేంట్రా!"

అందరం నవ్వాం. ఆయన మునుపటిలా, గట్టిగా, ధాటిగా ఉన్నారు. హమ్మయ్య అనుకున్నాను. వారం రోజులుగా లేనిపోని భయం పెట్టుకున్నానేమో.

ఫిబ్రవరి 11, బుధవారం

రజియా గారి ఫోన్. మస్తాన్ గారి భార్య నాకు ఫోన్ చేయడం ఇదే మొదలు.

"ఏం లేదమ్మా, ఊరికే చేశాను. ఆఫీసులో సార్ బాగానే ఉంటన్నారా?"

"బాగానే ఉన్నారండి. ఏం?"

"ఏం లేదు… నిన్న బండి మీద ఇంటికొస్తా లాడ్జి సెంటర్ దగ్గర ఆగిపోయి, ఎటు రావాలని నాకు ఫోన్ చేశారు."

ఆవిడ నా దగ్గర ఏదో లాగాలని చూస్తున్నారు, నేను ఆవిడ దగ్గర. చివరికి ఎండలు ముందే వచ్చేశాయని చెప్పుకుని పెట్టేశాం.

ఇరవై ఏళ్లకు పైగా అదే దారి…

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఆయన నమాజుకు వెళ్లినప్పుడు, ఆయన మార్చిన కోడ్ చూశాను. చూడటం నా పనే. ఆయన పంపినవి నేను, నేను పంపినవి ఆయన చూడాలని ఆఫీసు నియమం. ఇన్నాళ్లూ ఆయనవి పైపైన చూసి సరే అనేదాన్ని. ఆయనవి చూసేదేముందని.

మొదలు గదుల జాబితా నుంచి. చివర సెన్సార్ల జాబితా నుంచి.

రెండు మూడుసార్లు చదివాను. తేజ చెప్పిన తప్పే. మొన్న అందరం నవ్విన తప్పే. నడిపి చూస్తే నా కంప్యూటర్‌లో అది చక్కగా నడిచింది! ఇంకో చోట ఏ గదినో వదిలేయొచ్చు, మొత్తం ఆగిపోవచ్చు. లేదా ఏమీ కాకపోవచ్చు. ఇలా చక్కగా నడిచేస్తుందే, నాకు అదే భయం.

సరిచేసేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

అడిగేశాను. ఈరోజు వీడియో ఆపాక తేజ చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. ఆయన ముందు, నేను సరిచేయకముందటి ఆ కోడ్ వరస తెరిచి పెట్టాను.

చాలాసేపు చూశారు. "ఎవరు రాశారమ్మా ఇది?"

అంతలో ఆయనే, వరస పైన ఉన్న తన పేరు చూసుకున్నారు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

"సుజాతా, ఒక్కోసారి… తెర దించినట్టు అయిపోతందమ్మా. కాసేపే. మళ్లీ వచ్చేస్తది."

"డాక్టర్‌కి చూపించుకోండి సార్."

"చూపిస్తే పేరు పెడతారు. పేరు పెట్టాక నన్నిక్కడ కూర్చోనిస్తారా? ఈ పని లేకపోతే ఇంట్లో నేనేం చేస్తాను చెప్పు." తేజ అడుగుల చప్పుడు. "ఎవరితోనూ అనబాక."

"అనను సార్," అన్నాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఎందుకన్నాను ఆ మాట.

ఫిబ్రవరి 20, శుక్రవారం

రంజాన్ నెల మొదలైంది. ఆయన ఒక్కపొద్దు. మేం తింటుంటే తను నీళ్లు కూడా ముట్టకుండా వీడియో చూస్తూ కూర్చుంటారు, లేచిపోరు. మా యజమాని భాస్కర్ గారు ఈరోజు ఆయన్ను ఏదో అడిగితే సంబంధం లేని జవాబు వచ్చింది. "పాపం, ఉపవాసం," అని తనే సర్దుకున్నారు. అందరికీ ఒక కారణం దొరికింది. వాళ్ల మొహాలు తేటపడ్డాయి.

మస్తాన్ గారు పంపే ప్రతి వరసా ఇప్పుడు వేలు పెట్టి చదువుతున్నాను. ఇంటికొచ్చినా కళ్ల ముందు అవే.

ఫిబ్రవరి 24, మంగళవారం

భాస్కర్ గారు తేల్చేశారు. అద్దంకిలో కొత్త కోల్డ్ స్టోరేజీకి మన అలారమే. తేజ రేంజ్‌లతో తిరగరాసిందే పెడతారు. "అక్కడ కూర్చుని అన్నీ సరిచూసి మొదలుపెట్టేది మాత్రం మీరే మస్తాన్ గారూ. అనుభవం ఉన్న చెయ్యి కావాలి." వచ్చే మంగళవారం కారు పంపుతారట. వెళ్లేది ఆయనొక్కరే.

ఆయన తల ఊపారు. నా వైపు చూడలేదు.

"నేను కూడా వెళ్లనా సార్?" అన్నాను భాస్కర్ గారితో.

"ఇద్దరెందుకు? పెదకాకాని పని నువ్వు చూసుకో."

ఫిబ్రవరి 26, గురువారం

ఇంటికి రాగానే రాస్తున్నాను.

పెదకాకాని కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. లోపల ముఠా కూలీలు మిర్చి టిక్కీల్ని, ఆ నిండు బస్తాల్ని, వీపున మోస్తున్నారు. బయట రేకుల షెడ్డులో ఆడవాళ్లు తొడిమలు తీస్తూ దగ్గుతున్నారు. ఘాటుకు నాకూ దగ్గు. అలారం ప్రోగ్రాము తెరిచాను. సెన్సార్లు పనిచేస్తున్నాయి, అంకెలు కదులుతున్నాయి. సైరన్ మాత్రం ఆపి ఉంది. పరీక్ష చేసేటప్పుడు జనం బెదరకుండా ఆపుతాం, అయిపోగానే మళ్లీ వేస్తాం. వెయ్యలేదు.

ఆపరేటర్ శ్రీనును అడిగాను. "మొన్నామధ్య మస్తాన్ సారొచ్చి చూసి పోయార్గదండి. అంతా బాగుందన్నారు."

"మొన్నామధ్య అంటే?"

"పంట లోపలికి రావడం మొదలైనప్పుడండి."

అంటే అప్పటి నుంచీ సైరన్ లేదు. లీకైతే అంకె పెరుగుతుంది, తెర మీద ఎర్రగా వెలుగుతుంది, మోత ఉండదు. లోపల వీపున బస్తా ఉన్న మనిషి తెర చూస్తాడా? ఇన్నాళ్లూ ఏమీ జరగలేదు. జరగలేదంతే.

సైరన్ వేశాను. మోగించి చూశాను. ఆ మోతకు షెడ్డులో ఆడవాళ్లు లేచి పరుగెత్తారు. "ఏందమ్మా, చెప్పి మోగించొద్దా! గుండె ఆగి చచ్చుండేవాళ్లం," అని ఒకామె నన్ను తిట్టిపోసింది. ఆమె తిడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 28, శనివారం

పాతగుంటూరులో వాళ్లింటికి వెళ్లాను. ఒక్కపొద్దు విడిచే వేళ. రజియా గారు నాకూ ఖర్జూరం, పండ్ల ముక్కలు పెట్టారు. ఆయన తిని, నీళ్లు తాగి, నెమ్మదించేదాకా ఆగాను. అప్పుడు సైరన్ సంగతి చెప్పాను.

"నేనా? నేను పెదకాకాని పోలేదే ఈమధ్య."

"వెళ్లారండి," అన్నారు రజియా గారు వాకిట్లోంచి. "చొక్కా అంతా మిర్చి ఘాటు. నేనే ఉతికాను."

ఆయన మొహం చూడలేకపోయాను. మనిషి అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు. తన చేతుల్ని తనే, ఎవరివో అన్నట్టు, తిప్పి తిప్పి చూసుకున్నారు.

"లోపల మనుషులున్నారు గదమ్మా."

"ఉన్నారు సార్."

"అద్దంకి నేను పోకూడదు."

"పోకూడదు సార్. నన్ను చెప్పమంటారా భాస్కర్ గారికి?"

"వద్దు. నా నోటితో నేనే చెప్తా. అదన్నా నన్ను చెయ్యనీ. సోమవారం పొద్దున్నే." గుమ్మం దాకా వచ్చి, నేను చెప్పులు వేసుకుంటుంటే నెమ్మదిగా అన్నారు. "నాకు గుర్తుచెయ్యి."

మార్చి 1, ఆదివారం

ఆయనకు ఫోన్ చేద్దామని తీసి, పెట్టేశాను. తీసి, పెట్టేశాను.

మార్చి 2, సోమవారం

ఆఫీసులోనే రాస్తున్నాను. ఆయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా, సన్నగా అత్తరు వాసన. తేజతో పొద్దున్నే పేచీ. వీడియో చివరి భాగం ఈరోజు చూసి తీరాలట, రేంజ్‌లలో లొసుగొకటి తనకు దొరికిందట. చెబుతుంటే విన్నాను. నిజమే, గట్టి లొసుగే. తేజ తన కోడ్ తెరిచి వెతుక్కున్నాడు. ఇంత పదునుగా ఉన్న మనిషిని…

భాస్కర్ గారు తన గదిలోంచే కేకేశారు. "మస్తాన్ గారూ, రేపు కారు ఆరింటికే వచ్చేస్తది!"

"అట్లాగేనండి!" అన్నారు ఈయన. తడుముకోలేదు. దాచుతున్న మనిషి గొంతు కాదది.

శనివారం అన్నది మర్చిపోయారు. లేక మనసు మార్చుకుని నటిస్తున్నారా? ఏది నిజమైతే నాకు తక్కువ భయమో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

లేచి నా దగ్గరికి వచ్చారు. "ఏందమ్మా, పొద్దుట్నుంచీ నన్నే చూస్తన్నావు. ఏమన్నా చెప్పాలా?"

ఆయన వెనకాల భాస్కర్ గారి గది తలుపు తెరిచే ఉంది. తేజ ఇటే చూస్తున్నాడు.

ఎలా గుర్తుచెయ్యాలో తేలక, ఒక్క నిమిషం సార్ అని ఈ డైరీ తీశాను. ఆయన ఇంకా ఇక్కడే నిలబడి ఉన్నారు, నవ్వుతూ.