నేను ఎంచిన సింథసైజర్

తమ్ముడూ,

సింథసైజర్ ఎంచడానికి నీతో దుకాణాలన్నీ తిరిగాను. బస్సులో ఒళ్లో పెట్టుకునేంత చిన్నది, చవకైనది, డ్రమ్స్, బేస్, వయొలిన్ ఒకేసారి పలికించేది కావాలన్నావు. "వయొలిన్ వాయించేదానివి, ఆ శబ్దం నువ్వే విని చెప్పక్కా" అన్నావు. కళ్లు మూసుకుని విని, ఆ నల్లదే తీసుకోమన్నాను. మీ బావతో కలిపి మన ముగ్గురి బృందానికే అనుకున్నాను.

నిన్న ఫంక్షన్ హాలు ముందు నుంచి వెళ్తుంటే నేను వాయించే పాట వినబడింది. తొంగిచూస్తే వేదిక మీద ఆ పెట్టెతో నువ్వొక్కడివే ఉన్నావు. "ఈమధ్య ప్రోగ్రాములే రావట్లేదక్కా" అని మొన్ననే కదా నాతో అన్నావు!

మీ బావకింకా చెప్పలేదు. తన డ్రమ్ములకు కొత్త తోళ్లు బిగించుకుంటూ, "మీవాడు ఎప్పుడు పిలిచినా సిద్ధంగా ఉండాలిగా" అంటున్నారు. మేమిక అక్కర్లేదని ఆయనకు నువ్వే వచ్చి చెప్పు. నాకు నోరు రావడం లేదు.

అక్క