ఫిట్ అన్న మాట

ఉదయగిరి,
12-8-1955

చి. రామసుబ్బమ్మను మీ అమ్మ దీవించి రాయడమేమంటే, ఇక్కడ నేనూ మీ నాయనా కులాసాగానే ఉన్నాము. నీ జాబు మొన్న అందింది.

ఇంగ్లీషు టీచరమ్మ ఫిట్ అన్న ఒక్క మాటకు ఎన్నో అర్థాలు చెప్పిందని రాశావు. రవిక ఒంటికి సరిపోయినా ఫిట్టే, ఒళ్లు బాగున్నా ఫిట్టే, పనికి తగినవాడైనా ఫిట్టేనట. అది చదివి వినిపిస్తే మీ నాయన నవ్వారు. డ్రిల్లులో పడిపోయావనీ, తెలివి వచ్చేసరికి నాలుక కొరుక్కుని ఉన్నావనీ చివర రాసింది మాత్రం ఆయనకు చదవలేదు.

నువ్వడిగిన రవిక గుడ్డ పంపుతున్నాను. బావి దగ్గరికి ఒంటరిగా పోవద్దని ప్రతి జాబులో ఎందుకు రాస్తావని కూడా అడిగావు. ఇక దాచలేను.

నీకు మూడో ఏటి నుంచి ఏడో ఏటి దాకా మూర్ఛలు వచ్చేవి. నెల్లూరు డాక్టరు వాటిని ఫిట్స్ అన్నాడు. తర్వాత ఆగిపోయాయి. నీకు మాత్రం జ్వరాలని చెప్పాము.

జూన్‌లో ట్రైనింగు బడిలో చేరేందుకు ఒళ్లు బాగుందన్న సర్టిఫికెట్టు కోసం ఆత్మకూరు పోయాము గదా. నిన్ను తూకానికి పంపి డాక్టరు నన్నడిగాడు.

"పిల్లకు ఎప్పుడన్నా ఫిట్స్ వచ్చినాయా అమ్మా?"

ఆ మాట నాకు బాగా తెలుసు. తెలియనట్టు, "ఫిట్టుగానే ఉండాది సార్" అన్నాను. పల్లెటూరిదానికి అర్థం కాలేదనుకున్నాడేమో, నవ్వి సంతకం పెట్టాడు. నీ సీటు పోతుందని భయపడ్డాను తల్లీ.

నిన్న పొద్దున్నే బస్సెక్కి ఆ ఆత్మకూరు డాక్టరు దగ్గరికి పోయి, నీ జాబు చూపించి నిజం చెప్పాను.

"ఆనాడే చెప్పుంటే జాగ్రత్తలు చెప్పి పంపేవాణ్ణి గదమ్మా. పిల్ల బావి గట్టున పడుంటే ఏంది గతి?" అన్నాడు.



మాత్రలిచ్చి, వెంటనే నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపించమన్నాడు. నీ జబ్బు సంగతీ, మందు వాడుతూ చదువుకోవచ్చన్న సంగతీ ఒక కాగితం మీద రాసిచ్చాడు. అది చూసి బడివాళ్లు సీటు ఉంచుతారో తీస్తారో తాను చెప్పలేనన్నాడు.

మాత్రలూ కాగితమూ మన పెంచలనరసయ్య చేతికిచ్చి పంపుతున్నాను. అందిన వెంటనే మాత్ర వేసుకో. పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టమని, నీ గదిలో ఉండే శీనమ్మకు చెప్పు. మంగళవారం నేనొచ్చి ఆసుపత్రికి తీసుకుపోతాను. ఈలోగా కాగితం బడిలో ఇస్తావో, నీ దగ్గరే ఉంచుకుంటావో నీ ఇష్టం. ఒకసారి నిన్నడగకుండా నీ జవాబు నేను చెప్పాను. ఈసారి నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ మనసు కష్టపెట్టిన
మీ అమ్మ
నాగేశ్వరమ్మ