లావు అక్షరాల్లో ఒక్క అంకె

అన్నయ్యా,

ఇంటికొచ్చిన నా రక్తపరీక్ష రిపోర్టులో హద్దు దాటిందని లావు అక్షరాల్లో వేసిన ఒక్క అంకె చూసి, నేను హాస్టల్లో తాగుతున్నానని తేల్చేశావు. "దాని లివర్ పోయింది, చదువు మాన్పించి తెచ్చేయండి" అని నాన్నతో అన్నావట. నన్నొక్క మాట అడగలేదు.

రక్తం ఇచ్చే ముందురోజు ఇరవై కిలోమీటర్లు పరిగెత్తాను. ఆ అంకె చెప్పే ఎంజైమ్ లివర్లోనే కాదు, కండరాల్లోనూ ఉంటుంది. ఒళ్లు హూనమైతే రక్తంలో పెరుగుతుంది. లివర్ సంగతి సరిగ్గా చెప్పే అంకె దాని కిందే, మామూలుగా ఉంది. నీ కళ్లు అంతవరకూ దిగలేదు.

డాక్టరమ్మ వారంపాటు పరుగు మాన్పించి మళ్లీ పరీక్ష చేయించింది. అన్నీ మామూలే. ఆ కాగితం జత చేశాను. అమ్మానాన్నల ముందు నువ్వే పైకి చదువు, చివరి వరస దాకా.

హాస్టల్ ఖాళీ చెయ్యను. పరుగూ మానను.

నీ చెల్లెలు